రిపేరు బల్ల: హార్డ్ డిస్క్ టక్‌టక్ మంటే ముందు కరెంటు తీసేయండి

గాలివానల రోజులు మొదలయ్యాయంటే క్లాక్ టవర్ దగ్గరి మా షాపులో కాలిన వాసన కొట్టే ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెలు), పిడుగు దెబ్బకు పోయిన రౌటర్లు కుప్పపడతాయి. వాటితో నాకు బాధ లేదు. పాతది తీసి కొత్తది పెడితే పని అయిపోతుంది. బాధంతా హార్డ్ డిస్కులతోనే. ఈ నెల వచ్చిన ఉత్తరాలు కూడా దాదాపు అన్నీ వాటి గురించే.

జవాబులకు ముందు ఒక మాట. మెషీన్ బాగుచేయడం వేరు, లోపలి డేటా బయటికి తీయడం వేరు. ఏ షాపుకు వెళ్లినా "కంప్యూటర్ ఆన్ కావట్లేదు" అని ఊరుకోకండి. "లోపల ఫలానా ఫైళ్లున్నాయి, నాకు అవి కావాలి, మెషీన్ సంగతి తర్వాత" అని మొదటే చెప్పండి. అలా చెప్పకపోతే చాలామంది మెకానిక్‌లు ఫార్మాట్ కొట్టి, విండోస్ ఎక్కించి చేతిలో పెడతారు. ఈ మాటకు నా తోటివాళ్లు కోపం తెచ్చుకున్నా సరే. వాళ్ల లెక్కలో మీరు చెప్పిన పని అయిపోయినట్టే కదా.

ప్రశ్న: అన్నా, నమస్తే. దేవరకొండలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవే. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక హార్డ్ డిస్క్ టక్‌టక్ మంటోంది, విండోస్ రావట్లేదు. ఫ్రిజ్‌లో ఒక రాత్రి పెట్టమని ఒకాయన అన్నాడు. మూత విప్పి లోపలి ముల్లు జరిపితే సెట్ అవుతుందని ఇంకొకాయన. ఫార్మాట్ కొడితే చాలని మా పక్క షాపాయన. ఏండ్ల నాటి మ్యాటర్ అంతా అందులోనే ఉంది. లగ్గాల సీజన్, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
(డీటీపీ ఆపరేటర్, దేవరకొండ)

జవాబు: తమ్మీ, ఆ ముగ్గురి మాటా వినకు. డిస్కుకు కరెంటు తీసెయ్యి. "ఈసారి వస్తుందేమో" అని మళ్లీ మళ్లీ ఆన్ చేయడం మొట్టమొదట మానెయ్యి.

ఆ చప్పుడు ఎందుకొస్తుందో చెప్తాను. డిస్కు లోపల నున్నటి పళ్లేలు నిమిషానికి 5400 సార్లో, 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటి మీద హెడ్ ఆనదు, కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ చదువుతుంది. మన తల వెంట్రుక మందం ఆ ఎత్తుకు వేల రెట్లు. హెడ్ దెబ్బతిన్నప్పుడు పళ్లెం మీదున్న దారి గుర్తులు చదవలేక వెనక్కి వెళ్తుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ వెళ్తుంది. ఆ రాకపోకల చప్పుడే నీకు వినిపించేది. దెబ్బతిన్న హెడ్ పళ్లేన్ని గీకుతూ ఉంటే, గీసుకుపోయిన చోట ఉన్న డేటాను ఆ తర్వాత ఏ ల్యాబ్ కూడా తేలేదు. ఇక దేవరకొండ దుమ్ములో మూత విప్పితే ఏమవుతుందో నువ్వే ఊహించుకో. ఫ్రిజ్ చిట్కా పాతకాలంది. చల్లబడ్డ డిస్కును మన ఉక్కపోతలోకి తీస్తే లోపలా బయటా చెమ్మ పడుతుంది, ఉన్న రోగానికి కొత్తది తోడవుతుంది. ఫార్మాట్ గురించి అడగనే వద్దు. చదవలేని డిస్కు మీద రాయించడం అది.

అయితే చప్పుడు వచ్చిన ప్రతిసారీ హెడ్ పోయినట్టు కాదు. కరెంటు పోయి వచ్చాకే మొదలైందంటున్నావు కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మీద కూడా అనుమానం పెట్టుకోవాలి. డిస్కుకు 12 వోల్టులు సరిగ్గా అందకపోయినా మోటారు వేగం అందుకోలేక ఇలాగే టక్‌టక్ మంటుంది. డిస్కును విప్పి, నిక్షేపంగా పనిచేస్తున్న వేరే కంప్యూటర్‌కు కొత్త సాటా కేబుల్‌తో ఒక్కసారి తగిలించు. విండోస్ దాకా పోనివ్వకు, దానికంటే ముందు వచ్చే సెట్టింగుల తెర బయాస్‌లోనే ఆగు. డిస్కు పేరు, సైజు సరిగ్గా చూపిస్తూ చప్పుడు లేకపోతే నీ అదృష్టం. చప్పుడు వస్తే వెంటనే తీసెయ్, రెండోసారి చూడొద్దు.

చప్పుడు లేకుండా కనిపించిందే అనుకుందాం. అప్పుడు కూడా విండోస్‌లో తెరిచి ఫోల్డర్లు ఒక్కొక్కటే లాగడానికి కూర్చోకు. చెక్‌డిస్క్ అసలే నడపకు. అది డేటా తీసే పనిముట్టు కాదు, ఫైల్ సిస్టమ్‌ను సరిచేసేది. సరిచేయడానికి అదే డిస్కు మీద రాస్తుంది, పొసగని ఫైళ్లను తీసిపారేస్తుంది. చేయాల్సిన పని వేరే ఉంది. పెన్‌డ్రైవ్‌లో విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే లైనక్స్ వేసి దాంతో బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్కు మొత్తానికీ ఇంకో మంచి డిస్కులోకి నకలు తీయాలి. కొత్తది పాతదాని సైజంతన్నా ఉండాలి. డీడీరెస్క్యూ తేలిగ్గా వచ్చే భాగాలు ముందు లాగేస్తుంది, మొండికేసిన చోట్లకు చివర్లో తిరిగి వస్తుంది. ఎక్కడిదాకా చేసిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. ఆ తర్వాత వెతుకులాటంతా నకలు మీదే. ఇందులో మూల డిస్కు ఏది, కొత్తది ఏది అన్నది తారుమారు చేస్తే ఖాళీ డిస్కు వచ్చి నీ డేటా మీద కూర్చుంటుంది. లైనక్స్ చేయి తిరిగినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే చెయ్యి.

చప్పుడు ఆగకపోతే మాత్రం హైదరాబాద్‌లో ల్యాబ్‌కు ఇవ్వాల్సిందే. అదే మోడల్ డిస్కు ఇంకొకటి వెతికి, దాని హెడ్లు తీసి దీనికి పెడతారు. దుమ్ము లేని గదిలో చేయాల్సిన పని. ఖర్చు వేలల్లో ఉంటుంది, కొన్నిసార్లు కొత్త కంప్యూటర్ ధర కూడా దాటుతుంది. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో "డేటా రికవరీ" బోర్డులు కనిపిస్తాయి. బోర్డు చూసి ఇచ్చేయకుండా ఒకటే అడుగు: "డిస్కు విప్పాల్సి వస్తే ఎక్కడ విప్పుతారు?" ఈ బల్ల మీదే అంటే దండం పెట్టి వచ్చెయ్యి. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో కాగితం మీద రాయించుకో. వచ్చిన ఫైళ్ల లిస్టు చూశాకే మిగతా డబ్బు కట్టు. డిస్కు అడుగున ఉండే సర్క్యూట్ బోర్డు మారిస్తే చాలని ఎవరైనా అంటే నమ్మకు. ఇప్పటి డిస్కుల్లో ఆ బోర్డు మీదున్న చిన్న చిప్‌లో ఆ ఒక్క డిస్కుకే సరిపోయే కొలతలు ఉంటాయి. చిప్‌ను కూడా మార్చకుండా బోర్డు మాత్రమే మారిస్తే డిస్కు నడవదు.

ల్యాబ్ ఖర్చుకు తెగించే ముందు ఇంకో పని చెయ్యి. నీ మ్యాటర్‌లో చాలా భాగం ఆ డిస్కులోనే కాదు, బయట కూడా ఉంది. ప్రూఫ్ చూడమని కస్టమర్లకు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లున్నాయి. ప్రింటింగ్ ప్రెస్‌కు మెయిల్ చేసిన ఫైళ్లు సెంట్ ఫోల్డర్‌లో ఉంటాయి. ప్రెస్ వాళ్ల కంప్యూటర్‌లో పోయినేడాది పత్రికలు పడే ఉండొచ్చు. స్కూళ్ల వాళ్ల దగ్గర ప్రశ్నపత్రాల ప్రింట్లయినా ఉంటాయి. ముందు ఈ సీజన్‌కు కావలసినవి అలా కూడగట్టుకో. మిగిలిన వాటి విలువ ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఇంకొకటి. డేటా తిరిగొచ్చాక కొత్త కంప్యూటర్‌లో పేజ్‌మేకర్ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలూ ఇంగ్లిష్ అక్షరాలూ కనిపిస్తాయి. ఫైలు పాడైందని తీసిపారేయకు. అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో మ్యాటర్ అట్లాగే కనపడుతుంది. ఫాంట్లు ఎక్కించి మళ్లీ తెరిచి చూడు.

ప్రశ్న: అన్నా, మా బాబు పుట్టినప్పటి నుంచి మొదటి పుట్టినరోజు దాకా తీసిన ఫొటోలన్నీ ల్యాప్‌టాప్‌లో ఉండేవి. స్లో అయిందని మా మరిది విండోస్ కొత్తగా వేశాడు. అన్నీ పోయాయి. సాఫ్ట్‌వేర్‌తో వస్తాయని ఒకరు, రావని ఒకరు అంటున్నారు. ఇంట్లో రోజూ దీని మీదే గొడవ.
(ఒక గృహిణి, సూర్యాపేట)

జవాబు: చెల్లెమ్మా, ఆ ఇద్దరూ నిజమే చెప్పి ఉండొచ్చు. లోపల ఉన్నది పాత తరహా తిరిగే హార్డ్ డిస్కా, తిరిగే భాగాలు లేకుండా చిప్‌లతో చేసిన ఎస్‌ఎస్‌డీనా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

హార్డ్ డిస్కు అయితే ఆశ ఉంది. క్విక్ ఫార్మాట్‌లో ఫైళ్ల జాబితా మాత్రమే పోతుంది, ఫొటోలు ఉన్నచోటే ఉంటాయి, వాటి మీద కొత్తవి వచ్చి పడేదాకా. కొత్త విండోస్ కొంత మేర ఇప్పటికే తొక్కేసి ఉంటుంది, మిగిలింది దక్కించుకోవాలి. కాబట్టి ఆ ల్యాప్‌టాప్‌ను ఇక ఆన్ చేయకండి. ఆన్‌లో ఉన్నంతసేపూ అప్‌డేట్లు వచ్చి పడుతూనే ఉంటాయి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే ల్యాప్‌టాప్‌లో డౌన్‌లోడ్ చేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. డిస్కు విప్పించి, వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తీయించండి. వచ్చినవి ఇంకో డిస్కులోకి వెళ్లాలి, అందులోకే కాదు. ఫొటోరెక్ పాత పేర్లు, ఫోల్డర్లు తేలేదు. వేల ఫొటోలు అంకెల పేర్లతో కుప్పగా వస్తాయి. కెమెరా, ఫోన్ తీసిన ఫొటోలో తీసిన తేదీ లోపలే రాసి ఉంటుంది కాబట్టి ఆ తేదీల ప్రకారం సర్దుకోవచ్చు. మరిది క్విక్ ఫార్మాట్ కాకుండా ఫుల్ ఫార్మాట్ కొట్టి ఉంటే వేరే సంగతి. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్కంతా సున్నాలు రాసేస్తుంది.

ఎస్‌ఎస్‌డీ అయితే ఉత్త మాటలు చెప్పను. విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. ఫైలు తీసేసినా, ఫార్మాట్ కొట్టినా ఆ జాగా ఇక అక్కర్లేదని విండోస్ ఎస్‌ఎస్‌డీకి చెప్పేస్తుంది. అది తన వీలు చూసుకుని ఆ జాగాను నిజంగానే చెరిపేస్తుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ వెతికినా దొరికేవి సున్నాలే. వేలకు వేలు పోసి తిరగకండి.

ఏదైనా సరే, ఇవాళే చేయగలిగిన పని ఒకటుంది. ఆ ఫొటోలు ఎవరెవరికి పంపారో గుర్తు తెచ్చుకోండి. అమ్మమ్మ, నానమ్మ, మేనత్తల ఫోన్లలో వాట్సాప్ ఫొటోలు ఏండ్ల తరబడి పడి ఉంటాయి. సైజు తగ్గినా ముఖం ముఖమే. మీ ఫోన్‌లో గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఎప్పుడైనా ఆన్ చేశారేమో చూడండి. అందులోంచి తీసేసినా బిన్‌లో 60 రోజులుంటాయి. పుట్టినరోజుకు ఫొటోగ్రాఫర్‌ను పిలిచి ఉంటే ఆయన దగ్గర కాపీ ఉందేమో అడగండి. కెమెరాతో తీసినవైతే ఆ మెమరీ కార్డును వాడటం ఆపి ఫొటోరెక్‌తో వెతికించండి. ఖాళీగా కనిపించే కార్డులోంచి కూడా పాతవి వస్తుంటాయి. మరిదిని ఇక వదిలేయండి, ఆయన స్లో తగ్గించమంటే తగ్గించాడు.

ప్రశ్న: కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తోంది. బ్యాంకు వెబ్‌సైట్ తెరిస్తే సురక్షితం కాదంటోంది. వైరస్సా?
(కిరాణా వ్యాపారి, జడ్చర్ల)

జవాబు: వైరస్ కాదు సేట్, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడగండి, 3 వోల్టులది, గడియారాలు బాగుచేసే షాపులో కూడా దొరుకుతుంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు గడువు తేదీలు ఉంటాయి. మీ కంప్యూటర్ ఇంకా పాత ఏడాదిలోనే ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్లు దానికి చెల్లనివిగా కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త. బ్యాటరీ పోయినా, మార్చినా బయాస్ సెట్టింగులు మొదటికి రావొచ్చు. కొన్ని పాత బోర్డుల్లో సాటా మోడ్ (మదర్‌బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) మారిపోయి విండోస్ బూట్ కాదు, నీలం తెర వస్తుంది. అది చూసి హార్డ్ డిస్క్ పోయిందని ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్లు ఉన్నారు. విండోస్ వేసినప్పుడు ఏహెచ్‌సీఐ ఉంటే మళ్లీ అదే పెట్టాలి, ఐడీఈ ఉంటే ఐడీఈ. బ్యాటరీ తీసే ముందే ఆ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్న: గద్వాల చీరల అంచులకు, కొంగులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీస్తాను. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. రెండేండ్లలో ఒక హార్డ్ డిస్క్ పోయింది, రెండోది కూడా ఎర్రర్లు చూపిస్తోంది. మంచి కంపెనీవే కొన్నాను. మా ఇంటికి కరెంటు సరిగా రాదు, పక్కన బోరు మోటారు వేస్తే లైట్లు డిమ్ అవుతాయి.
(చీరల డిజైనర్, గద్వాల)

జవాబు: డిస్కులను తిట్టకండన్నా, మీ గోడలోని ప్లగ్గును చూడండి. క్యాబినెట్ జిల్లుమంటోందంటే మీకు ఎర్త్ లేదు, లేదా ఉన్నా పనిచేయట్లేదు. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటు వచ్చే చోట చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. అవి చెత్త కరెంటును ఎర్త్‌లోకి పంపాలి. ఎర్త్ లేకపోతే అది క్యాబినెట్ రేకు మీదే ఉండిపోతుంది. మల్టీమీటర్ పెడితే 230లో సగం దాకా చూపిస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుతోనే పోతోంది. కానీ అదే మెషీన్‌కు ఉత్తచేత్తో యూఎస్‌బీ డిస్కు పెట్టి తీస్తుంటే పోర్టులు, డిస్కులు దెబ్బతింటాయి. రెండు పిన్నుల కన్వర్టర్ వాడుతుంటే ఇవాళే పారేయండి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ గుంత తీయించండి. ఉప్పు, బొగ్గు వేస్తారు కదా, అంతటితో పని అయిపోయిందనుకోకండి. మన పాలమూరు రాతినేలలో ఎండాకాలం ఆ గుంత ఎండిపోయి ఎర్త్ చచ్చుబడుతుంది. అప్పుడప్పుడు నీళ్లు పోయాలి.

తర్వాత ఎస్‌ఎంపీఎస్. పని నడుస్తుండగా మల్టీమీటర్‌తో పసుపు తీగ 11.4 నుంచి 12.6 మధ్య, ఎర్ర తీగ 4.75 నుంచి 5.25 మధ్య చూపించాలి. బోరు మోటారు స్టార్ట్ చేయించి, ఆ క్షణంలో చూడండి. అంకె జారితే క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చిన ఆ ఎస్‌ఎంపీఎస్ తీసేసి మంచిది వేయండి. పాతదాన్ని ఊడదీశాక వెనకవైపు జల్లెడలోంచి లోపలికి ఒకసారి చూడండి. మా దగ్గరికి వచ్చే వాటిలో చచ్చిన బల్లి కనిపించడం కొత్తేమీ కాదు. వెచ్చగా ఉంటుందని దూరుతాయి, రెండు తీగల మధ్య పడి షార్ట్ చేస్తాయి. క్యాబినెట్ వెనక ఖాళీగా ఉన్న కార్డు సందులకు రేకు బిగించండి. పోయిందని తెలిసిన ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం మీరు విప్పకండి, ప్లగ్గు తీసినా లోపలి పెద్ద కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది.

600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. పది నిమిషాలు ఆగితే చాలు, డిజైన్ సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికే అది. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేండ్లలో నీరసపడుతుంది, అప్పుడు బ్యాటరీ ఒక్కటే మార్చొచ్చు. ఇక ఉరుములు మొదలైతే స్పైక్ బస్టర్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. ప్లగ్గు గోడ నుంచి పీకండి. నెట్ కేబుల్ కూడా పీకండి, దాన్ని అందరూ మర్చిపోతారు. ఫైబర్ తీగలో కరెంటు రాదు నిజమే. రౌటర్ అడాప్టర్ గోడకే ఉంటుంది కదా, అక్కడి నుంచి పిడుగు కరెంటు లాన్ కేబుల్ మీదుగా మదర్‌బోర్డులోకి వస్తుంది.

రెండో డిస్కు ఎర్రర్లు చూపిస్తోందన్నారు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి సీ5 అని ఉన్న వరసలో చివరనున్న రా వాల్యూస్ అంకె చూడండి. అక్కడ సున్నా కాకుండా వేరే అంకె ఉంటే డిస్కు చదవలేకపోతున్న చోట్లు ఉన్నట్టే, ఈ సాయంత్రమే డిజైన్లన్నీ వేరేచోటికి కాపీ చేసుకోండి. అది సున్నా ఉండి సీ7 ఒక్కటే పెరుగుతుంటే మాత్రం చాలాసార్లు తప్పు కేబుల్‌దే. డిస్కు మార్చక్కర్లేదు.

ప్రశ్న: అన్నా, నేను నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదువుతున్నాను. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోతే షాపులో మార్పించాను. ఇప్పుడు నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ కొట్టమంటోంది. నేనెప్పుడూ ఏ తాళం వేయలేదు. ప్రాజెక్టు అంతా లోపలే ఉంది.
(డిగ్రీ విద్యార్థి, నాగర్‌కర్నూల్)

జవాబు: తమ్ముడూ, నువ్వు వేయకపోయినా విండోస్ వేసింది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కంతా తనంతట తానే గుప్తమవుతుంది. బిట్‌లాకర్ అంటారు, హోమ్ ఎడిషన్‌లో దాని పేరు డివైజ్ ఎన్‌క్రిప్షన్. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి ఇది ఇంకా ఎక్కువైంది. తాళం చెవి మదర్‌బోర్డు మీది టీపీఎం చిప్‌లో ఉంటుంది. బోర్డు మారింది కాబట్టి చెవి పోయింది. డిస్కు, డేటా రెండూ నిక్షేపంగా ఉన్నాయి, భయపడకు.

ఫోన్‌లో ఏకేఏ డాట్ ఎంఎస్ స్లాష్ మైరికవరీకీ (aka.ms/myrecoverykey) అనే పేజీకి వెళ్లి నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వు. తెర మీద కీ ఐడీ అని ఒక గుర్తు కనిపిస్తుంది, అందులో మొదటి 8 అక్షరాలు ఈ పేజీలోని గుర్తుతో సరిపోవాలి. పక్కనున్న 48 అంకెలు కొట్టెయ్యి. అక్కడ లేకపోతే ల్యాప్‌టాప్ కొన్న రోజు ఎవరి మెయిల్‌తో మొదలుపెట్టారో గుర్తు చేసుకో. అన్న మెయిల్ కావచ్చు, షాపువాళ్లు నీ పేరుతో తెరిచి పెట్టిన మెయిల్ కావచ్చు. కాలేజీ మెయిల్ అయితే కాలేజీ ఐటీ వాళ్లను అడగాలి. ఎక్కడా దొరక్కపోతే ఆ డేటా ఎవరి వల్లా కాదు. మైక్రోసాఫ్ట్ కూడా ఇవ్వలేదు. "నేను పగలగొడతా, అడ్వాన్స్ కొట్టు" అనేవాడికి ఫోన్ పే చేయకు.

ల్యాప్‌టాప్ ఇప్పుడు బాగానే ఉన్నవాళ్లు ఇదే పేజీ తెరిచి కీ కాగితం మీద రాసుకుని పదో తరగతి మెమో ఉన్న ఫైల్లో పెట్టుకోండి.

ప్రశ్న: బాబూ, నేను రిటైర్డ్ టీచర్‌ను. మా ఊరి ముసలమ్మలు పాడిన బతుకమ్మ పాటలు, కోలాటం పాటలు క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ కొన్ని వందలకే వస్తే కొని అందులోకి మార్చాను. కొన్ని పాటలు వస్తున్నాయి, చాలావరకు తెరుచుకోవట్లేదు. జాగా మాత్రం నిండినట్టే చూపిస్తోంది.
(విశ్రాంత ఉపాధ్యాయులు, వనపర్తి)

జవాబు: మాస్టారూ, అది నకిలీ పెన్‌డ్రైవ్. 2 టీబీ ఆ ధరకు ఎవరూ ఇవ్వలేరు. లోపల ఏ 32 జీబీ చిప్పో పెట్టి, కంప్యూటర్‌కు 2 టీబీ అని చెప్పేలా తిప్పి రాస్తారు. ఉన్నది ఒక్క గోదాము, పది గోదాములకు రసీదులు రాసిచ్చినట్టు. నిజమైన జాగా అయిపోయాక వచ్చిన పాటలను తీసుకున్నట్టే నటించి ఎక్కడా రాయదు. కొన్నిటిలో పాతవాటి మీదే రాస్తుంది. రాయని దాన్ని రికవరీ చేయడం అంటూ ఉండదు.

ఇప్పుడు దాంట్లో కొత్తగా ఏమీ వేయకండి. వినిపిస్తున్న పాటలను కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. మొదట ఎక్కించిన కంప్యూటర్‌లోంచి తీసేసి ఉంటే, అది హార్డ్ డిస్కే అయితే దాన్ని ఆపేసి నాకు చూపించండి, అక్కడే ఎక్కువ ఆశ ఉంది. క్యాసెట్లు పారేయలేదు కదా? అవి ఉంటే అసలు కంగారే లేదు, మళ్లీ ఎక్కించుకుందాం. బూజు పట్టిన క్యాసెట్‌ను నేరుగా ప్లేయర్‌లో వేయకండి, రిబ్బను అంటుకుని తెగుతుంది. ఇకముందు ఏ పెన్‌డ్రైవ్ కొన్నా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌తో నిండా రాయించి, తిరిగి చదివించి చూడండి. నకిలీదైతే అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: సార్, మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు చూస్తాను. టాలీ బ్యాకప్ రోజూ డీ డ్రైవ్‌లో పెడుతున్నాను. ఇది చాలా?
(అకౌంటెంట్, మిర్యాలగూడ)

జవాబు: చాలదు. చాలా కంప్యూటర్లలో సీ డ్రైవ్, డీ డ్రైవ్ ఒకే డిస్కుకు రెండు పేర్లు. డిస్కు పోతే రెండూ ఒకేసారి పోతాయి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. మీ మిల్లు ఆఫీసులో ఆ ఊక దుమ్ముకు ఒక డిస్కు 72 నెలలు బతుకుతుందని నేనైతే హామీ ఇవ్వను.

రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. ఒకటి ఆఫీసులో, ఒకటి మీ ఇంట్లో. వారానికోసారి మార్చుకోండి. బ్యాకప్ అయిపోగానే కేబుల్ పీకేయాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వచ్చిన రోజు అసలుతో పాటు దాన్నీ తాళం వేసేస్తుంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో పాటు అది కూడా రావొచ్చు, ఆఫీసు కంప్యూటర్‌లో అలాంటివి వేయనివ్వకండి. టాలీ బ్యాకప్ చిన్నదే కాబట్టి పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌గా చేసి గూగుల్ డ్రైవ్‌లో కూడా వేయొచ్చు, ఉచితంగా 15 జీబీ ఇస్తారు.

నెలకోసారి ఆ బ్యాకప్‌ను రీస్టోర్ చేసి చూడండి. కొత్త ఫోల్డర్ ఒకటి పెట్టి అందులోకే చేయాలి, నడుస్తున్న కంపెనీ మీదికి చేస్తే ఇవాళ్టి ఎంట్రీలు పాత లెక్కల కింద పోతాయి. తెరిచి చివరి వోచర్ తేదీ చూడండి. బ్యాకప్ రోజూ వెళ్తోందనుకుని, పోయిన ఏప్రిల్‌లోనే ఆగిపోయిందని తెలుసుకున్నవాళ్లు ఇదే మిర్యాలగూడ నుంచి మా షాపుకు వచ్చారు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలింది. రిపేరుకు ఇస్తే లోపలి ఫొటోలు, చాట్‌లు చూస్తారేమోనని భయంగా ఉంది. పాస్‌వర్డ్ కూడా అడుగుతున్నారు.
(ఒక పాఠకురాలు, నారాయణపేట)

జవాబు: భయపడటంలో తప్పు లేదమ్మా. స్క్రీన్, కీబోర్డు, బ్యాటరీ, చార్జింగ్ పిన్ మార్చడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. తెర వెలిగిందా లేదా అన్నది లాగిన్ పేజీలోనే తెలుస్తుంది, కీబోర్డును బయాస్‌లోనో, వాళ్ల పెన్‌డ్రైవ్‌లోని లైనక్స్‌తోనో పరీక్షించొచ్చు. గట్టిగా అడిగితే ఫొటోలున్న మీ అకౌంట్ కాకుండా, అడ్మిన్ హక్కులు లేని కొత్త అకౌంట్ ఒకటి చేసి ఇవ్వండి. ఇంకా నమ్మకం కుదరకపోతే మీ ఎదురుగానే అడుగు మూత విప్పించి, ఎస్‌ఎస్‌డీ తీయించి బ్యాగులో వేసుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఒకే ఒక్క స్క్రూతో ఉంటుంది. తీసే ముందు బిట్‌లాకర్ కీ రాసుకున్నారో లేదో చూసుకోండి. స్క్రీన్ పగిలి ఏమీ కనబడకపోతే హెచ్‌డీఎంఐ తీగతో ఇంట్లో టీవీకి తగిలించండి, అక్కడ కనిపిస్తుంది.